చూరు నీళ్లు తాగిన బాలింత

"సువార్తమ్మ మామ్మగారూ, మొదటి రోజు మమ్మల్ని గుమ్మంలోంచే పంపేశారు కదండీ. మర్నాడు గ్రేసుకి చెంబుడు నీళ్లు మీరే ఎందుకిచ్చారు?"

రికార్డవుతోందా? ఫోను ఇంకాస్త దగ్గర పెట్టు, పళ్లు లేవు కదా, సగం మాట గాలికి పోద్ది.

పంపక ఏం చేస్తానమ్మా. మీ డిగ్రీ పిల్లలు పదిమంది అట్టలు పట్టుకుని వీధిలోకొచ్చారు, ఊరికి సేవ చేస్తే కాలేజీలో మార్కులంట కదా. మా గ్రేసు, అదే, మా అమ్మాయి కూతురు, పురుడు పోసుకుని ఆసుపత్రి నుంచి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. కాదు, ఐదు. నువ్వేమో గుమ్మంలో నిలబడి, బాలింతకి నీళ్లు ఆపడం మూఢత్వం అని వేలు చూపించి మాట్లాడావు. పోటీల్లో కప్పులు తెచ్చుకున్న నోరంట. నా ఇంట్లో నాకే తీర్పా అనిపించి తలుపేశాను.

మా పద్ధతి అదేనమ్మా. పదకొండు రోజులు కాచిన నీళ్లు, పొద్దున చిన్న గ్లాసుడు, సాయంత్రం చిన్న గ్లాసుడు. ఎక్కువ తాగితే పాలల్లోంచి బిడ్డకి జలుబు చేసుద్దని. మా అమ్మ నాకు చేసింది, నేను మా అమ్మాయికి చేశాను, గ్రేసుకీ అంతే. అదేమో మూత్రం మంటంటోంది, ఒళ్లు కాలిపోతోంది, పాలు లేవు. పసిబిడ్డ ఏడుపు పిల్లికూన ఏడుపైపోయింది. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించాను కానీ, నీళ్లు మాత్రం ఇవ్వలేదు.

మర్నాడు నువ్వొక్కదానివే వచ్చావు, కాగితాల్లేకుండా. నేను గోంగూర గిల్లుతుంటే కూర్చుని నువ్వూ గిల్లావు, కాడలతో సహా, అది వేరే సంగతి. "మీ మొదటి పురుడెలా జరిగిందండి" అన్నావు. ఆ మాట నన్నెవరూ అడగలేదమ్మా. మా ఆయన కూడా అడక్కుండానే పోయాడు.

చెప్పేశాను. వానాకాలం, తాటాకిల్లు. మూడోరోజుకి నాలుక పిడచగట్టుకుపోయింది. మా అమ్మ దొడ్లోకెళ్లగానే లేచి, చూరు కింద దోసిలి పట్టి తాగాను. మూడు దోసిళ్లు. కాదులే, నాలుగు. తాగాక భయం. మా పెద్దాడు తుమ్మితే నా వల్లే అనుకునేదాన్ని. చర్చిలో మోకాళ్లూని క్షమించమని అడిగేదాన్ని. యాభై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

నువ్వు నవ్వలేదు. "తర్వాత మీ పెద్దబ్బాయికి ఏమైందండి" అన్నావు, అంతే. ఏమవుద్ది, ద్రాక్షారామంలో ట్రాక్టరు తోలుతున్నాడు, మనవలు కూడా ఉన్నారు అన్నాను. అనేశాక నా మాట నాకే వినబడింది. వాడికేమీ అవలేదు కదా. అన్నేళ్లూ ఊరికే ఏడ్చాను కదా.

గోంగూర అక్కడే పడేసి లేచి, చెంబుడు నీళ్లు తెచ్చి చేతికిచ్చాను. గ్రేసు నాకేసి భయంగా చూస్తూనే చెంబు దింపకుండా తాగింది. మీ జట్టుతో వచ్చిన నర్సమ్మగారిని పిలవమన్నది అప్పుడేగా. ఆవిడ మందులిచ్చింది, రెండ్రోజులకి జ్వరం దిగింది, పాలు పడ్డాయి. ఇప్పుడు బిడ్డ ఏడిస్తే వీధి చివరికి వినబడుతోంది, నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

ఎదురింటి సత్యవతిగారి కోడలికి వచ్చే నెల్లో పురుడు. ఆవిడ నాకంటే మొండి. రేపు వెళ్దాం, నేనూ వస్తాను. వెళ్లగానే మొదలెట్టకు. ముందు కూర్చో, ఆవిడనే చెప్పనీ. ఆవిడ మొదలెడితే మధ్యాహ్నం దాటుద్ది, అన్నం తినే వెళ్దాం. చల్లగా ఉండమ్మా. ప్రభువు నీ నోటిని దీవించుగాక, కాస్త ఓపిక కూడా ఇచ్చుగాక.