సాన్‌బూలో మొదటొచ్చినోడు

హలో… ఆ, నేనే. అప్పడు బావా, అచ్చయ్యని.

రాసమ్మకివ్వకు ఫోను. మా సెల్లితో కాదు, నీతోనే పని.

సూసినావా నిన్న? మన ఇపో ఊరి పార్కులో సాయంత్రం సాన్‌బూ అంటా నడకకొచ్చే సీనావోళ్ళందర్నీ ఎనక్కి నెట్టేసినాను! సెరువు సుట్టూ తిరిగొచ్చేసరికి ఒకటే సప్పట్లు—

…ఏటి?

…సరే, సప్పట్లు కాదు. దోమల్ని కొట్టుకుంటన్నారు.

…ఆ, ముందున్నది నేనొక్కణ్ణే. వాళ్ళు సేపల్ని సూస్తా ఆగిపోనారు. పోటీ ఉందని వాళ్ళకి తెలిస్తే కదా!

…

మోకాలెలా ఉంది?

…వాసిందా.

…నేదు బావా, నవ్వట్లేదు. ఒట్టు.

…ఆపరేషనైన కాలని తెలుసు. తెలిసే లాక్కెల్లినాను. తెలిసే నిన్నొదిలి ముందుకి పోనాను. పైగా ఎనక్కి తిరిగి, అందరికీ నిన్ను సూపించి "లోరీ రోసక్" అన్నాను.

…నీకు మలాయి బాస వచ్చని తెలుసు. వాళ్ళకీ వచ్చు. అందుకే అన్నాను, పాడైపోయిన లారీ అని… నీకు ఫోన్ సెయ్యడానికి మొహం సెల్లనేదు బావా.

…ఎవరూ నవ్వనేదు. నువ్వు బెంచీ మీద కూకుని, సెప్పు సర్దుకుంటన్నట్టు తలదించేసినావు. సూసినాను. సూసి కూడా ఇంకో సుట్టు కొట్టినాను. తిరిగొస్తే బెంచీ ఖాళీ.

…ఉండుండు, ఫోను పెట్టీకు! గొడుగేసుకొచ్చే లిమ్ టీచరమ్మ నేదూ… ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. "అంకుల్, సాన్‌బూ అంటే ఏటో తెలుసా?" అంది.

…నడక అన్నాను. కాదంట. సీనా బాసలో సాన్ అంటే వదులు, సెదిరినట్టు. బూ అంటే అడుగు. అన్నం తిని, సల్లగాలికి, అడుగులెలా పడితే అలా పడనియ్యడం. మార్కెట్టుకెల్తే ఆ మాట వాడరంట. గుడికెల్తే వాడరంట. గెలవాలని ఎల్తే… ఇంకేటి సెప్పమంటావు.

…అదే కదా! మలాయా రబ్బరెస్టేటులో మనకి అలాటి నడకెక్కడిది? మా నాన్న అక్కడ కిరాణీ, గుమస్తా. పిల్లలం ఉత్తినే తిరిగితే ఆఫీసు మెట్ల మీంచి కేకేసేవోడు…

…అవును. సాకే. ఇంత ముసలోణ్ణయ్యి, పోయిన నాన్న మీద పెడతన్నాను.

…

ఇంకో సంగతి సెప్పిందావిడ. ఒక్కడే నడిస్తే సాన్‌బూ అనరంట. పక్కన తోడుంటేనే ఆ మాట. ఇయ్యాల పార్కు దాకా ఎల్లినాను బావా. గేటు కాడే నిలబడిపోనాను. నువ్వు నేకండా లోపలికెల్తే దానికి పేరే నేదు మరి.

…ఏటి?

…వస్తావా! కర్రతోనా? కర్రతోనే రా. నీ కర్ర ఎంత నడిస్తే నేనూ అంతే.

…ఆ. రేపే. ఆ, సరే…

బావా! బావా, పెట్టీకు!

…ఆ తోడు సంగతి… టీచరమ్మ సెప్పనేదు. ఒక్కడు నడిచినా సాన్‌బూయేనంట. అది నేను కల్పించినాను. నువ్వొస్తావని.

…తెలుసా? అప్పుడే తెలిసిపోయిందా?

…మరి తెలిసీ వస్తానన్నావేటి?

…బావా? …హలో?