బెర్దికుల్ బ్లాగు మకాం మార్చిన వైనం

మా కొచ్‌కోర్ బస్టాండు పక్కన సైరాకాన్ ఎజే టీకొట్టు ఉంది. మాలో అక్కని ఎజే అంటాం, అన్నని బాయ్కే అంటాం. ఆ గురువారం బెర్దికుల్ బాయ్కే అక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చోవడం చూడగానే నాకర్థమైపోయింది, ఇక నా మినీబస్సు నిండదని. ఎక్కాల్సిన జనమంతా ఆయన చుట్టూ చేరిపోయారు. ఆయన పశువుల డాక్టరు. పదకొండేళ్ళుగా గుర్రాల గురించీ కనుమల గురించీ బ్లాగు రాస్తున్నాడు. ఆ బ్లాగు నడిచే పాత సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆ ఆదివారంతో దుకాణం మూసేస్తున్నారు. అందుకని బ్లాగుని కొత్తదాంట్లోకి మార్చేశానని ప్రకటించి, ఎజేని పట్టుకుని తనకి ఎరులూక్ పెట్టమంటున్నాడు!

మకాం మార్చి కొత్తగా దిగినవాళ్ళకి ఇరుగుపొరుగు పొట్టేలు కోసి విందు పెట్టాలి, మాలో అది తప్పదు, నిజమే. కానీ బ్లాగుకి ఎరులూక్ అడిగిన మొనగాణ్ణి నేను అప్పుడే చూడటం.

"ఏం, బ్లాగు మాత్రం ఇల్లు కాదా? పదకొండేళ్ళు కాపురమున్నాను అందులో. నాకు పక్కింటిదానివి నువ్వే ఎజే. పెరట్లో పొట్టేలు కూడా కట్టేసే ఉంది, ఇంకేం కావాలి?"

ఎజే టీనీళ్ళు కాగుతున్న సమోవార్ మీంచి తల తిప్పకుండానే, "మా ఆయన ఫోటో అందులోనే కదా ఉంది. అది కూడా వచ్చిందా?" అంది.

ఎజే భర్త అసనాలీ పోయి నాలుగేళ్ళయింది. బూడిదరంగు గుర్రం మీద పగలబడి నవ్వుతున్న ఆ ఫోటో బాయ్కే తీసిందే. ఆ కెమెరా ఆ ఏడే వాగులో పడిపోయింది, కాబట్టి ఫోటో బ్లాగులో తప్ప ఎక్కడా లేదు. మిగతా ఫోటోలన్నిట్లో అసనాలీ పోలీసుస్టేషన్లో నిలబెట్టినట్టు బిగుసుకుపోయి ఉంటాడు. ఫోన్లో దించుకో ఎజే అంటే వినదు, కింద స్నేహితులు రాసిన మాటలతో కలిపే చూసుకోవాలంటుంది.

"వచ్చిందా అని మెల్లగా అడుగుతావేంటి? ముందు వరసలో వచ్చింది! అసలేం జరిగిందో వినండి. కుబాత్, నీ బస్సెక్కడికీ పారిపోదుగానీ కూర్చో. పోయిన మంగళవారం పొద్దున్న ఒక ఆవుకి సూదేసి వచ్చి, చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సాయానికి ఒక్క పురుగు లేదు, మా ఆవిడ కూడా ఊరెళ్ళింది. పాతదాంట్లో అన్నీ దించుకోడానికి ఒక బటన్ ఉంటుంది, నొక్కాను. వేరేవాడైతే కథ అక్కడితో అయిపోయేది. కానీ రాసింది నేను కదా! ఆరొందల నలభై రాతలు, ఒక్కోటి ఎంత బరువుంటుందో ఆలోచించండి. సగం దిగేసరికి బల్ల కాలు పటుక్కున విరిగింది, మోకాలు అడ్డం పెట్టాను. ముప్పావు దిగేసరికి కరెంటాయన పరిగెత్తుకొచ్చి, బాయ్కే నీకు పుణ్యముంటుంది, కాస్త మెల్లగా దించు, పక్క ఊళ్ళో బల్బులు పగిలిపోతున్నాయి అని నా కాళ్ళు పట్టుకున్నాడు."

"పోయిన మంగళవారం పొద్దున్న ఊరంతా కరెంటే లేదు కదయ్యా," అన్నారు ఓమురాలీ మాస్టారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, రిటైరైంది బడి నుంచే, లెక్కల నుంచి కాదు.

"ఆఁ, ఎందుకు లేదు? నా దెబ్బకే లేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దించినవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించడం మొదలెట్టాను. మంద దొడ్లోకి వెళ్ళినట్టు రాతలన్నీ బుద్ధిగా వెళ్తున్నాయి. రష్యన్‌లో లేకుండా మన భాషకే ఉన్న అక్షరాలు మూడున్నాయి చూడండి, అవి మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయాయి. కొత్త సాఫ్ట్‌వేర్ వాటి మొహం ఎప్పుడూ చూళ్ళేదు, మీరెవరంటూ ప్రశ్నార్థకాలు పెట్టేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా తాత పేరులోని అక్షరాన్ని ఆపడానికి నువ్వెవడివిరా అని ఒక్క అరుపు అరిచాను. దెబ్బకి మూడూ లోపలికి దూకేశాయి. ఆ కంగారులో ఒకటి పక్కవాడి బ్లాగులో దూరిపోయిందట, నిన్న పాపం వాడే ఫోన్ చేసి, మీ అక్షరం ఒకటి మా దగ్గరుంది, తీసుకెళ్ళండి, మేత పెట్టలేకపోతున్నాం అన్నాడు."

బెంచీ మీదున్నవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. ఎజే మాత్రం కప్పుల్లో పాలు పోస్తూ, "ఫోటో సంగతి అడిగాను," అంది.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఆ బోర్సోక్ పిండిముక్కలు భలే వేగాయి, ఇంకో గుప్పెడు ఇలా పడెయ్. సోన్‌కుల్ సరస్సు గురించి రాశాను, గుర్తుందా? దాన్ని ఎత్తుతుంటే అంచు తలుపుకి తగిలి ఒలికింది. అక్కడ సరస్సు రెండు మూరలు దిగిపోయింది!"

"మొన్నే వెళ్ళొచ్చాను బాయ్కే, నిండుగానే ఉంది," అన్నాను.

"మళ్ళీ నింపానుగా! వదిలేస్తాననుకున్నావా? ఇంక కనుమ మీద మంచు గురించి రాసింది ఎక్కిస్తుంటే చూడాలి, గదిలో మోకాల్లోతు మంచు, నా మీసాలు గడ్డకట్టి చప్పుడు చేస్తున్నాయి. మా ఆవిడ పార తెచ్చి ఎత్తిపోస్తే గానీ కీబోర్డు కనపడలేదు."

"మీ ఆవిడ ఊరెళ్ళిందన్నావు?" అన్నారు మాస్టారు.

"అప్పుడే దిగింది మాస్టారూ! ప్రతిదానికీ లెక్కలేనా మీకు? కడుపునిండా తిని హాయిగా వినలేరూ!" అని విసుక్కుని టీ గటగటా తాగాడు.

"మా ఆయన ఫోటో," అంది ఎజే మూడోసారి.

"ఆఁ, అదే చెప్పబోతున్నా. ఆ ఫోటోని నేను ముట్టుకుంటే ఒట్టు. దాని వంతు రాగానే బూడిద గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. నేను ఒక్క ఈల వేశాను, అంతే! మీ ఆయన్ని వీపు మీద పెట్టుకుని, నడుమ ఎన్ని సముద్రాలున్నాయో అన్నీ ఒకే దూకులో దాటి, కొత్తచోట దిగి సకిలించింది చూడూ, ఆ సకిలింపుకి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్దాయన నిద్రలోంచి లేచి నాకు ఫోన్ చేశాడు. అయ్యా, ఇరవైమందిమి పదేళ్ళు కష్టపడి దీన్ని తయారుచేశాం, ఇందులో గుర్రాలు పరిగెడతాయని మాకే తెలీదు, విమానం పంపిస్తాం, వచ్చి మా పిల్లలకి నేర్పండి అని భోరుమన్నాడు. వెళ్ళొచ్చు. కానీ ఎరులూక్ తినకుండా ఊరు దాటితే ఎజే బాధపడుతుందని ఆగాను."

జనం ఈలలు వేశారు. ఎజే చేతులు తుడుచుకుంది. కత్తి తెస్తుందేమోనని బాయ్కే పెరటివైపు ఆశగా చూశాడు. ఆమె జేబులోంచి ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడు నెట్ సరిగా ఉండదు ఎజే..."

"తెరిచే ఉంది. చూడు."

నేనూ వంగి చూశాను. ఆయన రాసింది ఉంది. కింద స్నేహితుల మాటలున్నాయి. మధ్యలో అసనాలీ ఉండాల్సిన చోట ఒక తెల్ల గడి.

"ఆ మంగళవారం నుంచి రోజూ పొద్దున్నే చూస్తున్నా," అంది ఎజే. "గుర్రం ఒక్క దూకులో వచ్చిందన్నావు కదా. మా ఆయన్ని ఎక్కడ పడేసింది?"

బాయ్కే టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పాతచోటే ఉండిపోయాడు ఎజే. మొత్తం ఎనిమిదొందల ఫోటోలు. ఆ బటన్ రాతల్నే తెచ్చింది. ఫోటోలు పాతచోటి నుంచే కనపడుతున్నాయని నాకు తెలీదు. బ్లాగు అడ్రసు కొత్తచోటికి మార్చగానే అన్నీ పోయాయి. నీకు చెప్పాలంటే భయమేసింది. నిజంగా భయమేసింది."

ఆయన నోట అంత చిన్న చిన్న మాటలు నేనెప్పుడూ వినలేదు. నాకే జాలేసింది.

"పాతచోటు తలుపు ఇంకా తీసే ఉందిగా," అన్నారు మాస్టారు. "ఒక్కోటీ చేత్తో దించి ఎక్కించడమే. ఎనిమిదొందలు, మూడు రోజులు, ఇక్కడ ఆరుగురం ఉన్నాం. మనిషికి రోజుకి నలభై అయిదు. ఫోన్లు తీయండి."

మకాం ఎత్తేటప్పుడు మాలో ఎవరూ ఒంటరిగా మూటలు మొయ్యరు. నేను బస్సు తాళాలు జేబులో వేసుకుని ఫోన్ తీశాను. ఎక్కాల్సినవాళ్ళూ తీశారు. బాయ్కే అందరికీ పాస్‌వర్డ్ చెప్పాడు, చెప్తూ రెండుసార్లు తప్పు చెప్పాడు.

కాసేపటికి కొంచెం ధైర్యం తెచ్చుకుని, గొంతు తగ్గించి, "మరి ఎరులూక్ ఎజే?" అని అడిగాడు.

"ఇంట్లోవాళ్ళంతా దిగాకే ఎరులూక్. వెనక మనిషిని వదిలేసొచ్చినవాడికి మా ఇంట్లో మంచినీళ్ళు కూడా పుట్టవు. ముందు ఆయన్ని తీసుకురా, అప్పుడు పొట్టేలు కోస్తాను," అంది ఎజే, ఆయన ముందున్న బోర్సోక్ పళ్ళెం మాస్టారి వైపు జరుపుతూ. "పెద్దమనిషికిచ్చే మర్యాద, తల మాస్టారికి పెడతాను. నీకు మాత్రం చెవి, చిన్నపిల్లలకి పెడతామే, అలాగ. మూడుసార్లు అడిగాను బెర్దికుల్. ఇకనైనా వినడం వస్తుందేమో చూద్దాం."