చచ్చిన జింకలకి మేత

(వరద తీసిన పదకొండో రోజు. జింకల పార్కు ఆఫీసు గది. బల్లకి ఒకవైపు పార్కు అధికారి, మరోవైపు జింకల్ని కనిపెట్టుకుని ఉండే కాపలామనిషి.)

"మెల్లగా చెప్పమ్మా, మెల్లగా. ముందు ఆ తలుపు వెయ్యి."

"వేశాను సార్."

"గడియ కూడా పెట్టు. ఆఁ, ఇప్పుడు చెప్పు. ఎన్ని బతికున్నాయన్నావు?"

"నలభై ఒకటి సార్. కొండ మీద ఉన్నాయి. ఇది చెప్పడానికి నాలుగుసార్లు వచ్చాను, మీరు మీటింగుల్లో ఉన్నారన్నారు. ఇన్నాళ్ళూ ఆకులూ బెరడూ తిని నెట్టుకొచ్చాయి. ఇప్పుడు అవీ అయిపోయాయి. నిన్నటి నుంచి రెండు లేచి నిలబడట్లేదు. మేత పంపించండి."

"నలభై రెండులో నలభై ఒకటి!"

"అవును సార్. ఒక్కటే పోయింది. ముసలిది, కొండ ఎక్కలేకపోయింది. సగం దూరం భుజం ఆనించి తోశాను. నీళ్ళు నా నడుం దాకా వచ్చేశాయి. ఇంక నావల్ల కాలేదు."

"ఎంత పని చేశావమ్మా!"

"ఇంకాస్త ముందు మొదలుపెట్టి ఉంటే అదీ దక్కేది సార్."

"నేను బాధపడేది దాని గురించి కాదు. ఆ నలభై ఒకటి గురించి! నలభై రెండూ చచ్చిపోయాయని పైకి రాసి పంపానమ్మా నేను."

"ఎప్పుడు సార్?"

"వరద వచ్చిన రోజే."

"ఆ రోజు మీరు ఇక్కడ లేరు కదా."

"లేను. సదస్సులో ఉన్నాను. విపత్తుల్లో వన్యప్రాణుల్ని కాపాడుకోవడం ఎలా అని మాట్లాడుతున్నాను. మధ్యలో ఫోను, పార్కు మునిగిందని. మునిగిందంటే పోయినట్టే కదా. అక్కడే, వేదిక మీదే కూర్చుని రాసి పంపించేశాను. అందరికంటే ముందు అందిన నివేదిక నాదే, తెలుసా? పెద్దసారు పేరు పెట్టి మెచ్చుకున్నారు."

"వచ్చి చూశాక రాయాల్సింది సార్."

"చూశాక ఎవడైనా రాస్తాడు. చూడకముందే రాయడం చురుకుదనం."

"పోనీ, ఇప్పుడు నేను చూసి చెప్తున్నాను కదా. పొరపాటు పడ్డామని ఇంకో ఉత్తరం రాసెయ్యండి."

"అంత తేలికా? పెద్దసారు పేపర్లో సంతాపం చెప్పారు. టికెట్ గది పక్కన రాయి పాతించాం. నలభై రెండు పేర్లూ చెక్కించాం."

"మన జింకలకి పేర్లు ఎక్కడివి సార్?"

"పెట్టించాం. గుమస్తా రెండు రోజులు కూర్చుని రాశాడు పాపం. వాళ్ళింట్లోవాళ్ళ పేర్లు అయిపోతే, మా ఆవిడ తరఫువాళ్ళవి నేనిచ్చాను."

"బాగుంది సార్. మేత..."

"మేత, మేత! చచ్చినవాటికి మేత ఎలా తెప్పించమంటావు? మేత తెచ్చే అతనికి నేనే ఉత్తరం రాసి మానిపించాను. మళ్ళీ తెమ్మంటే ఎవరికని అడగడూ?"

"జింకలకని చెప్పండి."

"ఏ జింకలకని అడుగుతాడు."

"కొండ మీద జింకలకని చెప్పండి."

"ఉండు, అసలు అవి కొండ మీదికి ఎలా వెళ్ళాయి? గేటు ఉన్నది పల్లంలో, ఏటివైపు. కొండవైపు అంతా కంచే కదా?"

"కోశాను సార్."

"ఏం కోశావు?"

"కంచె. ఆ రోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి ఒక్కటీ పడుకుని లేదు. అన్నీ లేచి కొండవైపు కంచెకి ఆనుకుని నిలబడి ఉన్నాయి. మేత వేసినా తల తిప్పలేదు. ఏటి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. మీకు ఫోను చేశాను."

"వేదిక మీద ఉన్నాను."

"మూడుసార్లు చేశాను. తర్వాత పెద్ద పటకారు తెచ్చి తీగలు కోసేశాను, రెండు బారల మేర. మేత బుట్ట పట్టుకుని ముందు నేను నడిచాను. వెనకే వచ్చాయి. మన జింకలే కాదు సార్, కుందేళ్ళూ ఉడుములూ అన్నీ ఆ సందులోంచే ఎక్కాయి. నా కాళ్ళ పక్కనుంచి ఒక పాము పోయింది. దాని ముందు కుందేలు. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోలేదు."

"పాముల గురించి ఎవరు అడిగారు నిన్ను? ప్రభుత్వం వారి కంచె కోశానని నా మొహం మీదే చెప్తున్నావు, తెలుస్తోందా? జింక వరదలో చస్తే ప్రకృతి వైపరీత్యం. ఎవరి తప్పూ లేదు. అదే జింక బయటికి పోతే నిర్లక్ష్యం. నువ్వు జవాబు చెప్పాలి, నేను జవాబు చెప్పాలి. చస్తే ఒక కాగితం. బతికితే ఏడు."

"అయితే బతకడమే కష్టం సార్."

"ఆఫీసులో కష్టం. అసలు మన సన్నద్ధత పుస్తకం చదివావా నువ్వు, కంచె కొయ్యబోయే ముందు?"

"చదివాను సార్. విపత్తు రాగానే జంతువులన్నిటినీ ఏటి ఒడ్డుకి తోలమని ఉంది."

"ఏటి ఒడ్డుకా? వరదలోనా?"

"అలాగే ఉంది. ఏడో పేజీ."

"ఆఁ... అది అడవి అంటుకున్నప్పటి పుస్తకంలే. టైము లేక, అట్ట మీద వరద అని మార్పించాం. లోపల ఎవరు చదువుతారనుకున్నాం?"

"నేను చదివాను సార్."

"నీలాంటివాళ్ళతోనే వచ్చింది చిక్కు."

"సార్, కొండవైపు ఒక గేటు పెట్టించండి. గొళ్ళెం చాలు, తాళం వద్దు. మళ్ళీ నీళ్ళొస్తే కొయ్యక్కర్లేకుండా తీస్తాను. మేతా, ఆ గేటూ, ఈ రెండే నేనడిగేది."

"కొండవైపు గోడ కట్టిస్తున్నామమ్మా. పునరుద్ధరణలో మొదటి పని అదే."

"గోడా!"

"నిలువెత్తు గోడ. పడిపోయిన చెట్లన్నీ తీయించేశాను. చూశావుగా, ఎంత శుభ్రంగా ఉందో?"

"చూశాను సార్. ఆ పడిన మానుల తొర్రల్లో గుడ్లగూబలు ఉన్నాయి. కింద తాబేళ్ళు దాక్కున్నాయి. వరద వాటిని తెచ్చి ఒడ్డున పెడితే మన యంత్రం ఎత్తి లారీలో పోసింది."

"తాబేళ్ళకి పునరుద్ధరణ ఫారంలో గడి లేదు. బెంచీలు, బోర్డులు, ప్రహరీ, టికెట్ గది, అంతే. ఇతరములు అని ఒకటుంది కానీ అందులో నా గది ఫ్యాను రాశాను."

"బురదలో గడ్డి మొలిచింది సార్, దానంతట అదే. వరద తెచ్చిన విత్తనం. ఇంకో పదిహేను రోజులు ఆగితే జింకలకి బయటి మేతే అక్కర్లేదు. దాన్నీ గీకేశారు."

"గీకి మంచి గడ్డి పరిపిస్తున్నాం. రేపు పెద్దసారు వస్తున్నారు. బురదలో నిలబెడతామా ఆయన్ని?"

"రేపటికల్లా మొలిచే గడ్డి ఎక్కడిది సార్?"

"ప్లాస్టిక్‌ది. చూస్తే తేడా తెలీదు."

"తింటే తెలుస్తుంది."

"నీకు అన్నీ వేళాకోళమే. పక్క పార్కు సారుని చూసి నేర్చుకోవాలమ్మా మనం. అదే ఏరు, అదే వరద. అరవై జింకలు. ఒక్కదానికి ఏమీ కాలేదు. ఉత్తమ సన్నద్ధత పురస్కారం ఆయనకే ఇస్తున్నారు. వేసిన తాళాలు వేసినట్టే ఉన్నాయట. రిజిస్టరు మీద చుక్క తడి లేదట. ఏమ్మా, వింటున్నావా?"

"మేత సంగతి చెప్పండి సార్."

"పైగా ఎంత పెద్దమనసు! పోయినవాటి బదులు మనకి ఇరవై జింకలు ఇస్తానన్నాడు. రేపు పెద్దసారు వాటినే చూడబోయేది. ఆయన చేతులమీదుగా... ఉండు. ఉండుండు."

"ఏంటి సార్?"

"కొండ మీదవాటిలో ఇరవై తోలుకొచ్చెయ్. కొత్తవని చెప్దాం! పక్క పార్కు నుంచి ఇరవై అందినట్టు నువ్వు సంతకం పెట్టు. సాయంత్రానికి మేత వస్తుంది. చచ్చినవి చచ్చినట్టే ఉంటాయి, వచ్చినవి వచ్చినట్టు ఉంటాయి."

"మరి మిగతా ఇరవై ఒకటి?"

"అవి పోయినవే కదమ్మా."

"పోయినవి రోజూ సాయంత్రం నా గొంతు విని కిందికి దిగుతాయి సార్."

"గొంతెత్తకు. చూడు, ముసలివీ కుంటివీ చూపుకి ఆననివీ ఏరి పక్కన పెట్టెయ్. గోడకి అవతల వాటి బతుకు అవి బతుకుతాయి."

"అవతల ఏం తింటాయి? పుట్టినప్పటి నుంచి నా చేతి మేతే. కుక్క ఎదురొస్తే పరిగెత్తాలని కూడా తెలీదు వాటికి. నేను ఏరలేను సార్. మీరే రండి కొండ మీదికి. ఏవేవి చచ్చాయో వేలు పెట్టి చూపించండి. అప్పుడు పెడతాను సంతకం."

"నేను రావాలా?"

"దారి కొంచెం జారుడుగా ఉంది. చెయ్యి పట్టుకుంటాను."

"మొండిఘటానివమ్మా నువ్వు!"

"ముప్పై ఏళ్ళుగా జింకలతో ఉన్నాను సార్. అవీ అంతే."

"సరే. సరే! పక్క పార్కు సారునే అడుగుదాం. ఇంకో ఇరవై ఒకటి కలిపి రాసిమ్మంటే రాస్తాడేమో. ఎందుకు రాస్తాడు? తన దగ్గరున్నవి లేవని ఎవడు ఒప్పుకుంటాడు? తిట్లు తినడానికి కాకపోతే... స్పీకరులో పెడుతున్నాను, నువ్వు నోరు మెదపకు. హలో, అన్నా? నేనే. జింకల గురించి..."

"ఆఁ, తమ్ముడూ! నేనే చేద్దామనుకుంటున్నాను. చిన్న ఇబ్బంది వచ్చింది. బండి దొరకట్లేదు. డ్రైవరుకి జ్వరం. దారి కూడా..."

"బండి అక్కర్లేదన్నా."

"అక్కర్లేదా?"

"జింకలు కూడా అక్కర్లేదు. ఇక్కడ మాకు కొన్ని... ఎలా చెప్పను, సర్దుబాటు అయ్యాయి. నువ్వు పంపినట్టు కాగితం ఇస్తే చాలు."

"జింకల్ని పంపక్కర్లేదు. పంపినట్టు కాగితం ఇవ్వాలి. అంతేనా?"

"కోప్పడకన్నా."

"కోపమా! తమ్ముడూ, దేవుడిలా వచ్చావు. ఎన్ని రాయను?"

"ఇరవై అనుకున్నాం. కానీ నలభై ఒకటి అయితే నాకు ఇంకా..."

"నలభై ఒకటేనా? అరవై రాసుకో!"

"అరవై అయితే నీకేం మిగలవు కదన్నా?"

"మిగలకపోతే ఏం? త్యాగం, తమ్ముడూ, త్యాగం."

"వద్దు వద్దు. నలభై ఒకటి చాలు. రేపు ఇక్కడ చూసుకుని పెద్దసారు మీ దగ్గరికే కదా వచ్చేది, పురస్కారం ఇవ్వడానికి. ఆయనకి చూపించడానికైనా ఒక పంతొమ్మిది ఉండాలి."

"ఆయన... మా దగ్గరికి వస్తున్నారా?"

"నీకు చెప్పలేదా?"

"తమ్ముడూ, ఆ పంతొమ్మిదీ నువ్వే రాసుకో. దణ్ణం పెడతాను. కాగితం ఇప్పుడే పంపిస్తున్నా. నువ్వు మాత్రం బండి పంపకు, మనిషిని పంపకు, ఎవర్నీ పంపకు. ఉంటా."

"పెట్టేశాడు! చూశావా అమ్మా? అడిగిందానికంటే ఎక్కువిచ్చే మనిషిని ఈ ఉద్యోగంలో చేరాక ఇదే చూడటం. ఇదిగో, పెట్టు సంతకం."

"నలభై ఒకటికేనా సార్?"

"నలభై ఒకటికే. ఆ పంతొమ్మిదీ నేను తీసుకోను. కళ్ళకి కనపడని జింకలకి మేత రాసేంత బుద్ధిలేనివాడిలా కనిపిస్తున్నానా?"

"పెట్టాను సార్. మేత సాయంత్రానికి వస్తుందిగా?"

"వస్తుంది, ఇప్పుడే చెప్తాను. ఏడవకు మరి."

"ఏడవట్లేదు సార్. గేటు కూడా ఒప్పుకోండి."

"గేటు మాత్రం మర్చిపో. ఇదిగో, ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకనుంచి అన్ని పార్కుల్లోనూ పక్క పార్కు సారు పద్ధతే. నీళ్ళు వస్తున్నాయనగానే ప్రతి గేటుకీ రెండు తాళాలు, తాళంచేతులు ఆఫీసు బీరువాలో. కంచె ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. ఎందుకలా చూస్తావు? అరవై జింకల్ని కాపాడిన పద్ధతమ్మా అది!"

"అక్కడ ఒక్కటీ మిగల్లేదు సార్. కాపలా మా మరిదే. తాళంచేతులు బీరువాలో ఉన్నాయి, కంచె కొయ్యడానికి వాడికి చేతులు రాలేదు."