తెరిచి చూసి చెప్పప్పా

పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన మిత్రులకు, ధర్మవరం నుంచి వచ్చిన బంధువులకు నమస్కారం. నాగేశ్వర పోయాడు. మనల్ని నవ్వించి, విసిగించి, పోయాడు. ఏడుపు ఇంకా ఆగడం లేదు. అయినా ఈ మైకు ముందు ఒక మాట దాచకుండా చెబుతున్నాను. నా మనసు కుదుటపడింది. తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ ఎందుకో విన్నాక తిట్టండి.

నా పేరు కుళ్ళాయప్ప. మన సంస్థ కంటి శిబిరాలు నడిపేది నేనే. ఊరూరా తిరిగి కంటి లోపలి ఫోటోలు తీయిస్తాను. ఆ ఫోటోలను మన సర్వరు నుంచి బెంగళూరులోని పెద్ద ఆసుపత్రి సర్వరుకు పంపే ప్రోగ్రాం రాసింది నాగేశ్వర. అక్కడి డాక్టరు చూసి చెబితేనే ఇక్కడ ఎవరికైనా వైద్యం.

మొదటి శిబిరం ఉరవకొండలో. ఫోటోలు వెళ్ళాయి. ‘అందింది’ అని అవతలి సర్వరు జవాబిచ్చింది. మిఠాయిలు పంచుకున్నాం. తీరా డాక్టరు చూడబోతే ఏముంది? ఒక్క ఫోటో తెరుచుకోలేదు! ఫోటో అంటే అక్షరాలు కాదు కదా, వట్టి బైట్లు, కంప్యూటరు అంకెలు. మన ప్రోగ్రాం వాటిని కూడా పేరు, వయసులాగే అక్షరాలనుకుని మార్చి పంపింది. ఫోటోలన్నీ పాడైపోయాయి. ఎవరిది తప్పు? నాగేశ్వరదే. దాచాడా? లేదు. నన్ను వెంటబెట్టుకుని ఉరవకొండ బస్సెక్కాడు. నారాయణమ్మ అనే పెద్దావిడ ఇంటికి వెళ్ళి, ‘తప్పు నా ప్రోగ్రాందమ్మా, నీ కంటిది కాదు. ఇంకొక తూరి ఫోటో తీయించుకోవాల’ అన్నాడు. ఆమె తిట్టిన తిట్లు ఈ సభలో చెప్పలేను. అన్నీ పడి, ఆమె పెట్టిన బొరుగులు తిని, ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు.

తర్వాత ప్రోగ్రాం మార్చాడు. వివరాలు ఒక భాగం, ఫోటో ఒక భాగం. రెండూ ఒకే రిక్వెస్టులో, అంటే ఒకే పార్శిల్లో పోతాయి, కానీ ఫోటోలో ఒక్క బైటు కూడా మారదు. నాలాంటి మొద్దుకు ఎలా చెప్పాడో తెలుసా? ‘పట్టుచీర ఎట్లుండాదో చీటీలో రాసి పంపితే చీర పోయినట్టా అన్నా? చీటీ పైన అంటించు, చీర పెట్టెలో పెట్టు.’

అయినా ‘అందింది’ అన్న మాటను మళ్ళీ నమ్మలేదు. ప్రతి శిబిరం తర్వాత బెంగళూరుకు ఫోను. అక్కడ ఫోటోలు చూసే జాయ్ ఎత్తగానే, ‘అందిందని చెప్పొద్దు. తెరిచి చూసి చెప్పప్పా, ఏం కనపడతాండాది?’ జాయ్ మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత అలవాటుపడ్డాడు. కిడ్నీలు పాడై డయాలిసిస్ మంచం ఎక్కినా మనవాడు మారలేదు. అరుణజ్యోతమ్మా, నువ్వు ఫోను లాక్కుంటే నర్సు ఫోను అడుక్కున్నాడు నీ మొగుడు! ఏమనాలి ఆ మనిషిని?

అదే సమయంలో బెంగళూరు ఆసుపత్రివాళ్ళు తమ సర్వరు మార్చారు. మన ప్రోగ్రాం మళ్ళీ రాయాలి. రాసేవాడు మంచం మీద. నాకు చేతులు కాళ్ళు ఆడలేదు. కొత్తగా చేరిన అశ్విని రాసింది. రాసి, ల్యాప్‌టాప్ పట్టుకుని వార్డుకు వెళ్ళింది. చూడనన్నాడు. ‘నేను వేలు పెడితే మళ్ళ అది నాదే అయితాది. రాసింది నువ్వు. పంపేది నువ్వే.’ ఆ పిల్ల కళ్ళనీళ్ళతో బయటకు వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు మండడం లేదు.

రాప్తాడు శిబిరం రోజు తెల్లవారగానే నాగేశ్వర పోయాడు. శిబిరం ఆపేద్దామన్నాను. అరుణజ్యోతమ్మ ఏమందో తెలుసా? ‘ఆపితే ఆయప్పకే కోపమొస్తాది. పోండన్నా.’ అంత దుఃఖంలో ఆ మాట అంది. తల్లీ, నీకు దండం.

ఆ శిబిరానికి రామదాసు వచ్చాడు. వేరుశనగ రైతు. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. మిగిలిన కంటికి చీకటి తెర అడ్డం వస్తోందన్నాడు. ఫోటో తీశాం. అశ్విని పంపింది. ‘అందింది’ అని వచ్చింది. నమ్మాలా? ఆ పిల్ల వెంటనే జాయ్‌కి ఫోను చేసి, తెరిచి చూసి చెప్పమంది. జాయ్ తెరిచాడు. డాక్టరును పిలిచాడు. లోపలి పొర చిరిగింది, ఈరోజే తీసుకురండి అన్నారు. ఆ ఫోటో చెడిపోయి ఉంటే? రేపు చూద్దాంలే అనుకుని ఉంటే? ఆ మనిషికి ఇంకో కన్ను లేదు. అప్పటికప్పుడు కారెక్కించాం. లేజరు పెట్టి కన్ను కాపాడారు.

నాగేశ్వరకు నొప్పి తీరింది. తన తర్వాత పని ఆగిపోతుందని భయపడ్డాడు, ఆగలేదు. అయ్యా, ఊపిరి పీల్చుకోనా, వద్దా?

రామదాసు అదిగో, ముందు వరుసలోనే ఉన్నాడు. నాగేశ్వరను ఎప్పుడూ చూసినవాడు కాదు. ఇందాక ఈ పటం దగ్గర చాలాసేపు నిలబడి నాతో అన్నాడు: ‘ఈయప్పనా? మీసాల్లో తెల్లవెంట్రుక కూడా కనపడతాండాదన్నా.’

లేవండి. అందరం లేచి మౌనంగా నిలబడదాం. ఎవరూ కళ్ళు మూసుకోవద్దు. అతన్ని చూస్తూ నిలబడదాం.