మా మిద్దె మీది చలి

2010 జనవరి. కోరుట్ల తెలంగాణ దీక్షా శిబిరంలో పగలూ రాత్రీ జనం కూర్చుంటున్న రోజులు. అక్కడ రోజూ వాతావరణం చదివే ఆయనకు మోకాళ్ల నొప్పులు, మిద్దె ఎక్కలేడు. ఇంటి మిద్దె మీది థర్మామీటరును నెలరోజులుగా భార్యే చూసి చెబుతోంది. ఆయన రాసుకొని శిబిరం మైకులో చదువుతున్నాడు.

"శిబిరంల కూసున్న హమీద్ చాచా గజగజ వణుకుతుండట," అంది ఆమె ఓ రాత్రి.

"చలైతే లేదు. ఇరవై నాలుగు డిగ్రీలు."

"గట్లనే సిరిసిల్లోళ్లు పంపిన దుప్పట్లు వాపస్ పంపితిరి."

"మరి మీటరు అబద్ధమాడుతదా?"

"చలి లేదంటిరి గదా, వణుకుడు జొరమని చాచాకు గోళీల మీద గోళీలు మింగిస్తున్నరు."

"నేనే మిద్దెక్కి చూస్త, పట్టుకో... ఏందే, మీటరేది?"

"వంటింట్ల ఉన్నది."

"వంటింట్లనా?"

"పొద్దూకంగనే లోపటికి తెస్త. ఇంత చలికి బయట ఇడిస్తే అద్దం పలుగదా? పొయ్యి పక్కకు పెట్టి, పొద్దుగాల చూసి మీకు చెప్త."

"నెలంత గట్లనేనా?"

"ఒక్కనాడు గూడ మర్వలే."

"అంటే నేను రాసింది వాతావరణం కాదు, వంటావరణం!"

"గిప్పుడు నవ్వుతరా? చాచా సంగతేంది?"

"దుప్పటి అందుకో. పా, పోదాం."

శిబిరంలో ఆమె మైకును ఆయన చేతికి పోనివ్వలేదు. తానే అందుకుంది.

"జై తెలంగాణ! అన్నలారా, చలి నిజమే. మా ఆయన నెలరోజులు చదివింది మా పొయ్యికాడి లెక్క. సిరిసిల్లకు ఫోను చేసి దుప్పట్లు మళ్ల తెప్పియ్యుండ్రి. చాచాకు గోళీలు ఆపి, గీ దుప్పటి కప్పుండ్రి."