కౌన్సిలరు ఇల్లు మారిన రోజు

వాకిట్లో సామాన్ల లారీ ఆగి ఉంది. వార్డు కౌన్సిలరు గిన్నెల బుట్టకు తాడు బిగిస్తుంటే పక్కింటావిడ వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

“ఉన్నపళంగా ఇల్లు మారడం ఏమిటే అమ్మాయ్? ఆ వెనక సందులో ఏముందని?”

“మురుగుంది పిన్నిగారూ. అక్కడి కాలవ తీయించమని ఏడాదిగా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను.”

“తీశారా మరి?”

“తీశారు. నేను అక్కడ ఇంటికి అడ్వాన్సు ఇచ్చిన మర్నాడు పొద్దున్నే.”

“తీసేశారుగా, ఇంక ఇక్కడే ఉండిపో.”

“ఉండిపోతే మళ్ళీ పూడిపోతుంది. నేనెక్కడుంటే అక్కడే పని చేస్తున్నారు వాళ్ళు.”

“మరి మా గతేం కాను? నీ పుణ్యమా అని నీళ్ళు వేళకు వస్తున్నాయి. వీధి లైటు పోతే సాయంత్రానికల్లా కొత్తది వేస్తున్నారు.”

“మన వీధికి ప్రత్యేకంగా చెయ్యమని నేనెప్పుడూ చెప్పలేదు.”

“చెప్పావని ఎవరన్నారు? చెప్పకుండానే జరిగింది. అదే నా దిగులు.”

ఈ వీధి శుభ్రమంతా తన పనితనమేనని ఇన్నాళ్ళూ మురిసిపోయిన కౌన్సిలరు, బిగించిన తాడునే విప్పి మళ్ళీ బిగించింది.

“కంగారు పడకండి పిన్నిగారూ. ఒక్క ఫోను కొట్టండి, పనివాళ్ళను పంపిస్తాను.”

అంతలో చెత్తబండి వచ్చింది. రోజూ ఈ గుమ్మం ముందే ఆగే బండి, లారీని చూసి ఈలైనా వెయ్యకుండా సాగిపోయింది. పక్కింటావిడ గేటు దగ్గర పెట్టిన చెత్తబుట్ట నిండుగా అలాగే ఉండిపోయింది.

“నువ్వింకా గడప దాటనేలేదే అమ్మాయ్!”

ఆవిడ చీర దులుపుకుని లేచింది.

“ఆ సందులో ఇంకో వాటా ఏదైనా ఖాళీగా ఉందా?”