మొక్కజొన్న చేనువైపు తిరిగిన రైఫిల్

నా పేరు మహమ్మద్ గౌస్. తండ్రి ఖాజా మియా, ఇప్పుడు లేరు. వయసు యాభై ఆరు. ఉండేది సంగారెడ్డిలో, పటాన్‌చెరులో లేత్ మెషిన్ మీద పని. పంచాయతీ పిలిస్తే పంటల మీద పడే అడవి పందులను కొట్టడానికి నాకు అనుమతి ఉంది. రైఫిల్‌కు లైసెన్సు ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, ఆశ చూపలేదు. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు అన్నారు. చెప్పడానికే వచ్చాను.

చనిపోయిన లింగం బొంతపల్లి రైతు. పదకొండేళ్లుగా నా దోస్తు. ఆయన మొక్కజొన్న చేను ఒక కంపెనీ గోడను ఆనుకుని ఉంటుంది. ఆ గోడ వెనక ముళ్లపొదల్లోంచి పందులు వస్తాయి. మొన్న ఆదివారం తెల్లవారుజామున వాటికోసం మంచె దగ్గర కూర్చున్నాం. ఒక్కటీ రాలేదు. "నువ్వొస్తున్నవని గాటికి ఎవలో ఫోన్ చేసి చెప్పిన్రు గౌస్ భాయ్" అని లింగం నవ్వాడు. ఆరు గంటలకు బాగా వెలుతురు వచ్చింది. "ఇగ చాలు తియ్. నేను మోటర్ ఏసొస్త, ఇంటికి పోయి చాయ్ తాగుదం" అని లేచి వెళ్లాడు.

తూటా ఉన్న రైఫిల్‌తో నేను ఎవరి వాకిట్లోకీ పోను. అక్కడే ఖాళీ చేయాలి. దీనికి పక్కన చిన్న సేఫ్టీ మీట ఉంటుంది. అది వెనక్కి ఉన్నంతసేపు ట్రిగ్గర్ పనిచేయదు, బోల్టు కూడా కదలదు. బోల్టు కదలకపోతే తూటా బయటికి రాదు. అంటే ఖాళీ చేయాలన్నా ఆ మీటను ముందుకు నెట్టాల్సిందే. ఆ కాసేపు సేఫ్టీ ఉండదు. అందుకే గొట్టాన్ని దున్నిన నేలవైపు దించి తీస్తాను. ఎప్పుడూ అంతే.

ఆ రోజు దున్నిన మడిలో లింగం కొత్తగా పరిచిన డ్రిప్ పైపులు ఉన్నాయి. పొరపాటున పేలితే పైపు పాడవుతుందనుకున్నాను. పైపు గురించి ఆలోచించాను సార్, పైపు గురించి! గొట్టాన్ని మనిషెత్తు మొక్కజొన్న చేనువైపు తిప్పాను. అప్పుడే మోటారు చప్పుడైంది. లింగం మోటారు దగ్గర ఉన్నాడు, చేన్లో ఎవరూ లేరు అనుకున్నాను. దానికి ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు రాగానే తనంతట తానే నడుస్తుంది. అది నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణంలో తట్టలేదు. ఒక్క కేక వేస్తే పలికేవాడు. వేయలేదు.

మీట నెట్టాను. పేలింది. వేలు ట్రిగ్గర్‌కు తగిలిందో, మీటే చెడిపోయిందో నాకు నిజంగా తెలియదు. రైఫిల్ పోలీసుల దగ్గరే ఉంది, పరీక్ష చేయించుకోండి. మీట చెడిపోయినా గొట్టం తిప్పింది నా చెయ్యే.

లింగం మోటారు దాకా పోనేలేదు; దారిలోనే ఆగి, చేన్లో పందులు వంచేసిన మొక్కలను లేపుతున్నాడు. తూటా ఆయనకే తగిలింది. "అరె, గౌస్ భాయ్" అన్నాడు, అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. భుజాన వేసుకుని రోడ్డు దాకా మోశాను. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం పోయింది.

ఆసుపత్రిలోనే మా అక్క కొడుకు జీషాన్ నన్ను పక్కకు పిలిచాడు. "మామూ, ఆయనే తుపాకి పట్టి గుంజిండని చెప్పు. సచ్చినాయనొచ్చి కాదంటడా?" అన్నాడు. చెంప పగలగొట్టాను. అదీ రాసుకోండి.

కానీ ఆ మాట అప్పటికే ఊళ్లో పాకింది. లింగం భార్య నర్సింహమ్మ శవం పక్కన కూర్చుని నన్ను ఒక్కటే అడిగింది. "అన్నా, మా ఇంటాయన తుపాకి ముట్టిండా? ఆయన తప్పుకే ఆయన పోయిండంటున్నరు."

"లేదు చెల్లె. ముట్టలె" అన్నాను.

"గట్లయితే గదే జడ్జి సారుకు చెప్పు. రేపు నా పిల్లలు గా మాట పడొద్దు" అంది.

ఆయనకు తుపాకి అంటే భయం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ముట్టలేదు. నాకు ఏ శిక్ష వేసినా సరే, ఈ మాట మాత్రం కాగితం మీద ఉండాలి.

రాసినదంతా గుమాస్తా గారు చదివి వినిపించారు. ఒకచోట "లింగం అడ్డు వచ్చాడు" అని ఉంది. కొట్టేయమన్నాను. ఆయన అడ్డు రాలేదు. తన చేన్లో తాను నిలబడి ఉన్నాడు. దిద్దాక మళ్లీ విన్నాను. ఇప్పుడు అంతా నిజమే.

(సంతకం)
మహమ్మద్ గౌస్